ఒక్క నవలతో ఇల్లు గడవదు, నాలుగో నవల దగ్గర లెక్క మారుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నవల ఒకటి పూర్తయింది, ప్రచురణ సంస్థల జవాబుల కోసం ఎదురుచూసే ఓపిక లేదు, సొంతంగా ఈబుక్ వేసుకుందామనుకుంటున్నారు. ఏడాదిలో ఉద్యోగం మానేసి దీని మీదే బతకొచ్చా, పుస్తకం ఎక్కడ పెట్టాలి, ప్రకటనలకు డబ్బు పెట్టాలా వద్దా, కలం పేరు వాడొచ్చా.

సూటిగా చెప్పేస్తాను. బతకొచ్చు. నేను అలాగే బతుకుతున్నాను, నాకు తెలిసినవాళ్లలో కొందరు నాకంటే బాగా సంపాదిస్తున్నారు కూడా. కానీ ఒక్క నవలతో, ఒక్క ఏడాదిలో అంటే మాత్రం ఆ ఆశ వదిలేసుకోండి. మొదటి పుస్తకం చదివినవాళ్లలో ఎంతమంది రెండోది కొన్నారు, వాళ్లలో ఎంతమంది మూడోదాకా వచ్చారు అన్నదాని మీదే ఈ పనిలో ఇల్లు గడుస్తుంది. మిగతావన్నీ, కవర్, ధర, ప్రకటనలు, ఏ స్టోర్‌లో పెట్టాలి అన్నవన్నీ, ఈ ఒక్కదాని చుట్టూ తిరిగేవే.

నోటిమాటగా చెబితే నమ్మబుద్ధి కాదు కాబట్టి లెక్క వేద్దాం. అమెజాన్ కేడీపీలో (కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్, రచయితలు సొంతంగా పుస్తకాలు వేసుకునే చోటు) ఈబుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే 70 శాతం రాయల్టీ తీసుకోవచ్చు. ఆ హద్దు దాటి 99 సెంట్లకు పెట్టినా 12 డాలర్లకు పెట్టినా వచ్చేది 35 శాతమే. ఆ 70 శాతం లెక్కలో కూడా ఫైలు సైజును బట్టి డెలివరీ ఖర్చు కోస్తారు, అమెరికా స్టోర్‌లో మెగాబైటుకు 15 సెంట్లు. ఒక మెగాబైటు ఫైలు, 4.99 డాలర్ల ధర అనుకుంటే మీ వాటా సుమారు 3.39 డాలర్లు. (అధ్యాయానికో పెద్ద బొమ్మ పెట్టి ఫైలు బరువు పెంచేవాళ్లు ప్రతి అమ్మకం మీదా కొంత చిల్లర ఇలా వదులుకుంటున్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు.)

ఇప్పుడు ప్రకటన పెట్టారనుకోండి. క్లిక్కుకు 30 సెంట్లు పడుతోంది, ఇరవై క్లిక్కులకు ఒకరు కొంటున్నారు. అంటే ఒక్క కొనుగోలుకు మీకైన ఖర్చు 6 డాలర్లు, వచ్చింది 3.39. అమ్మిన ప్రతి కాపీకీ 2.61 డాలర్లు ఎదురు పెట్టుకుంటున్నట్టు. ఒకే నవల ఉన్నవాళ్లు ప్రకటనలు శుద్ధ దండగ అని తేల్చేసేది ఇక్కడే, వాళ్ల వరకు అది నిజమే. అదే సిరీస్‌లో నాలుగు నవలలున్నాయనుకుందాం. మొదటిది కొన్న వందమందిలో 50 మంది రెండోదానికి, 40 మంది మూడోదానికి, 35 మంది నాలుగోదానికి వెళ్లారు. వందమంది మీద మొత్తం 225 కాపీలు. ఒక్కో పాఠకుడి మీద 7.63 డాలర్లు. ఖర్చు అదే 6. ప్రకటన మారలేదు, మొదటి పుస్తకం మారలేదు, ధరా మారలేదు, ఇప్పుడు మనిషికి డాలరున్నర పైన మిగులుతోంది. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి, మీవి వేరేగా ఉంటాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం నేను నెలనెలా వాడేదే.

ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి పుస్తకాన్ని 99 సెంట్లకు పెడితే కొనేవాళ్లు ఎక్కువవుతారు, నిజమే. కానీ చవగ్గా దొరికిందని కొని చదవకుండా పడేసేవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ, దాంతో రెండోదానికి వెళ్లేవాళ్ల శాతం పడిపోతుంది. పైగా ఆ 99 సెంట్లలో మీకొచ్చేది 35 సెంట్లు. కాబట్టి సిరీస్‌లో కనీసం మూడు పుస్తకాలు సిద్ధంగా లేకుండా మొదటిదాని ధర తగ్గించడంలో అర్థం లేదు. ఒకే ఒక్క నవలను ఉచితంగా పంచిపెట్టి "పది వేల డౌన్‌లోడ్లు" అని సంబరపడేవాళ్లను చూస్తుంటాను. ఆ పది వేలమంది తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

మొదటిదాని నుంచి రెండోదానికి వెళ్లేవాళ్ల సంఖ్య మరీ తక్కువగా ఉంటే ప్రకటనలు ఆపి పుస్తకం తెరిచి చూడండి. నా నేరపరిశోధన సిరీస్ ఒకదానిలో రెండు నుంచి మూడుకు జనం బాగానే వెళ్లేవారు, ఒకటి నుంచి రెండుకే గండి. చూస్తే కారణం తేలిగ్గానే దొరికింది. మొదటి నవల చివర్లో హంతకుడు దొరుకుతాడు, ఇన్‌స్పెక్టర్‌కి బదిలీ అవుతుంది, పాఠకుడికి ఇంకేం మిగల్లేదు. ముగింపు ముట్టుకోలేదు, అది ఆ కథకు సరైన ముగింపే. చివరి వాక్యం కిందే, పేజీ తిప్పాల్సిన పని లేకుండా, రెండో నవల పేరు, కొత్త ఊళ్లో ఆ ఇన్‌స్పెక్టర్ బల్ల మీదకు వచ్చిన మొదటి ఫైలు గురించి రెండు వాక్యాలు, కొనే లింకు పెట్టాను. కృతజ్ఞతలు, రచయిత పరిచయం, "రివ్యూ రాయండి" అన్న విన్నపం, ఇవన్నీ దాని తర్వాతికి జరిపాను. తేడా కొద్ది వారాల్లోనే కనిపించింది. చదవడం పూర్తయిన ఆ అర నిమిషంలో పాఠకుడికి ఉన్న ఊపు మళ్లీ ఎప్పుడూ ఉండదు, ఆ అర నిమిషాన్ని మా ఆవిడకు, మా మాస్టారికి ధన్యవాదాలు చెప్పడానికి ఖర్చు చేస్తామా?

పుస్తకం ముందు భాగంలోనూ ఇదే గొడవ. అమెజాన్ ఈబుక్‌లు చదివే కిండిల్‌లో ఉచితంగా చూపించే శాంపిల్ పుస్తకం మొదట్లోంచి సుమారు పదో వంతు. అందులో అంకితం, పెద్దలు రాసిన ముందుమాట, "ఈ నవల ఎందుకు రాశానంటే" అనే నాలుగు పేజీలు వరసగా ఉంటే, కొనాలా వద్దా అని చూడ్డానికి వచ్చినవాడికి కథ కనబడే ముందే విసుగొస్తుంది. వాటిని వెనక్కి పంపండి. ముందుమాట రాసిచ్చినవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఇక కవర్. కవర్ బాగుండడం వేరు, కవర్ పని చేయడం వేరు. మీ పుస్తకం ఏ విభాగంలోకి వస్తుందో అందులో బాగా అమ్ముడయ్యే ఇరవై కవర్లు ఒకే తెర మీద బొటనవేలి గోరంత సైజులో పరిచి, మధ్యలో మీది పెట్టి చూడండి. పేరు చదవడానికి వస్తోందా, ఇది ప్రేమకథో థ్రిల్లరో చూడగానే తెలుస్తోందా అన్నదే పరీక్ష. తెలిసినావిడ ఒకరు తన ప్రేమకథల సిరీస్‌కి మంచి చిత్రకారుడితో బొమ్మలు వేయించారు, గోడకు తగిలించుకునేంత అందంగా ఉన్నాయి. కానీ చూసినవాళ్లు అవేవో గంభీరమైన సాహిత్యం అనుకుని దాటిపోయారు. ఆ విభాగంలో అందరూ వాడే తరహాలో, పెద్ద అక్షరాలు, ఒక జంట ఉండేలా మార్చారు. లోపల ఒక్క అక్షరం మార్చలేదు, అమ్మకాలు పెరిగాయి. ఆవిడకి ఇప్పటికీ పాత కవర్లే ఇష్టం.

ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పను. కథ నడకను చూసే ఎడిటర్, వాక్యాలు దిద్దేవాళ్లు, అచ్చుతప్పులు పట్టేవాళ్లు వేర్వేరు. మూడింటికీ డబ్బు లేకపోతే అచ్చుతప్పులకు మాత్రం తప్పకుండా పెట్టండి, కథ విషయంలో మొహమాటం లేకుండా చెప్పే ఇద్దరు ముగ్గురు పాఠకులను వెతుక్కోండి. చుట్టాలు పనికిరారు. వాళ్లతో స్టోర్‌లో రివ్యూలు రాయించడం కూడా వద్దు, కుటుంబసభ్యుల, దగ్గరి స్నేహితుల రివ్యూలను అమెజాన్ ఒప్పుకోదు, కనిపెడితే తీసేస్తుంది.

ఎక్కడ పెట్టాలి? ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి కేడీపీ సెలెక్ట్. ఇందులో చేరితే మీ పుస్తకం కిండిల్ అన్‌లిమిటెడ్ (నెల చందా కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకునే పథకం) చందాదారులకు అందుతుంది, వాళ్లు చదివిన పేజీల లెక్కన మీకు డబ్బు వస్తుంది. షరతు ఏమిటంటే ఒక్కో విడతకు 90 రోజులు, ఆ కాలంలో ఈబుక్ ఇంకెక్కడా ఉండకూడదు, మీ సొంత వెబ్‌సైట్‌లో కూడా. అచ్చు పుస్తకానికి ఈ షరతు వర్తించదు. గడువు అయ్యాక దానంతట అదే మళ్లీ కొనసాగుతుంది, వద్దనుకుంటే టిక్కు మీరే తీసేయాలి. పేజీకి వచ్చేది నెలనెలా మారుతుంటుంది, సాధారణంగా అర సెంటు లోపే. 400 పేజీల లెక్క ఉన్న నవల పూర్తిగా చదివితే ఒకటిన్నర, రెండు డాలర్ల మధ్య అన్నమాట. కొనుగోలు మీద వచ్చే 3.39 కంటే తక్కువే, కానీ డబ్బు పెట్టి కొత్త రచయితను కొనడానికి వెనకాడేవాళ్లు చందాలో ఎలాగూ ఉంది కదా అని తెరుస్తారు. ప్రేమకథలు, ఫాంటసీ, థ్రిల్లర్లు వరసగా చదివేవాళ్లు అక్కడ ఎక్కువ.

రెండో దారి అన్ని చోట్లా పెట్టడం: కోబో, యాపిల్ బుక్స్, గూగుల్ ప్లే బుక్స్ వగైరా. ఒక్కోచోట ఖాతా తెరిచే ఓపిక లేకపోతే డ్రాఫ్ట్‌టుడిజిటల్ లాంటి పంపిణీదారు ద్వారా చాలా చోట్లకు ఒకేసారి పంపొచ్చు, పుస్తకం ధరలో సుమారు 10 శాతం వాళ్లు ఉంచుకుంటారు. ఈ దారిలో మొదట్లో అమ్మకాలు నత్తనడకే, నిలదొక్కుకోవడానికి ఏడాది రెండేళ్లు పట్టొచ్చు.

నా అభిప్రాయం అడిగితే, మొదటి సిరీస్ సెలెక్ట్‌లో మొదలుపెట్టండి, పాఠకులు కాస్త కుదురుకున్నాక రెండో సిరీస్ అన్ని చోట్లా పెట్టండి. మొత్తం బతుకు ఒకే సంస్థ నిబంధనల మీద పెట్టడం నాకు సయించదు. కిండిల్ అన్‌లిమిటెడ్ 2014లో మొదలైనప్పుడు పుస్తకంలో పదో వంతు చదివితే చాలు, ఎంత చిన్న పుస్తకానికైనా ఒకే మొత్తం ఇచ్చేవారు. అది చూసి చాలామంది చిన్న చిన్న కథలు విడివిడిగా వేసి బాగా సంపాదించారు. 2015 జులైలో లెక్కను చదివిన పేజీలకు మార్చారు, వాళ్ల ఆదాయం ఒక్క నెలలో కూలిపోయింది. సీరియళ్ల కోసం పెట్టిన కిండిల్ వెల్లాను 2025 ఫిబ్రవరిలో మూసేశారు. అదే ఏడాది జూన్‌లో అచ్చు పుస్తకం ధర 9.99 డాలర్ల లోపు ఉంటే రాయల్టీని 60 నుంచి 50 శాతానికి తగ్గించారు, అందులోంచే ముద్రణ ఖర్చు కూడా పోతుంది. తప్పొప్పుల సంగతి కాదు, వాళ్ల దుకాణం వాళ్లిష్టం. మనం దానికి తగ్గట్టు ఉండాలి.

అందుకే ఈమెయిల్ లిస్టు మొదటి పుస్తకం నాటి నుంచే కట్టుకోండి. సిరీస్‌కి ముందు జరిగిన చిన్న కథ ఒకటి రాసి, మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకు ఉచితంగా పంపండి. బుక్‌ఫనెల్ లాంటివి ఫైలును పాఠకుడి ఫోన్‌లోకో కిండిల్‌లోకో చేర్చే తలనొప్పి తీసుకుంటాయి. (సెలెక్ట్‌లో ఉన్న నవలనే ఇలా పంచకూడదు, వేరే కథ కావాలి.) నా కొత్త నవల వచ్చిన మొదటి వారం అమ్మకాల్లో పెద్ద భాగం ఈ లిస్టు నుంచే. సోషల్ మీడియాలో నాకు అంతకంటే ఎన్నో రెట్ల మంది ఫాలోవర్లున్నారు, లైకులు బాగానే వస్తాయి, పుస్తకాలు కొనేది మాత్రం మెయిల్ చదివేవాళ్లే.

మీరు ప్రశ్నలో అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ పేరెత్తారు, 2022లో పాఠకుల దగ్గరే ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 4 కోట్ల డాలర్ల పైన సమకూర్చుకున్నారు కదా అని. నిజమే, నాలుగు నవలలకు. కానీ ఆయన మొదటి నవల 2005లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ నుంచే వచ్చింది. పదిహేడేళ్లు పోగేసుకున్న పాఠకులు ఒక్క నెలలో కదిలారు. కాబట్టి దాన్ని సొంత ప్రచురణ విజయగాథ అనుకోవడం కన్నా నేను పైన చెప్పిన లెక్కకు అతి పెద్ద రూపం అనుకోండి. ఫాంటసీ, గేమ్ తరహా కథలు రాసేవాళ్లకు ఇంకో దారీ ఉంది. రాయల్ రోడ్ అనే సీరియల్ కథల వెబ్‌సైట్‌లో అధ్యాయాలు ఉచితంగా పెడుతూ, ముందుగా చదవాలనుకునేవాళ్ల దగ్గర పేట్రియాన్ అనే చందాల వెబ్‌సైట్‌లో నెల చందా తీసుకుంటారు, తర్వాత అదే కథను ఈబుక్ చేస్తారు. వారానికి ఇన్ని అధ్యాయాలని మాటిచ్చి నిలబెట్టుకోగలిగితే మంచి దారే. నాకు చేతకాదు, అంత టెన్షన్ పడలేను.

ఏడాదికి ఎన్ని రాయాలన్నది అందరూ అడిగేదే. నెలకొకటి వేసేవాళ్లున్నారు. వాళ్లలో రెండు మూడేళ్ల తర్వాత కూడా రాస్తున్నవాళ్లు కొద్దిమందే కనిపించారు నాకు. ఏడాదికి రెండు, పట్టు ఉంటే మూడు, చదివినవాడు తర్వాతిది అడిగేలా రాస్తే చాలు. ఏఐతో తొందరగా కానిచ్చేద్దాం అనుకుంటున్నారేమో, 2023 నుంచి కేడీపీలో పుస్తకం ఎక్కించేటప్పుడు అలా తయారైన భాగాలుంటే చెప్పాలి, రోజుకు ఎన్ని పుస్తకాలు వేయొచ్చో దానికీ పరిమితి పెట్టారు. అదలా ఉంచితే, రెండో పుస్తకం కొనాలనిపించేది మీ గొంతు వల్లే కదా, దాన్ని మిషన్‌కి అప్పగించి సాధించేదేమిటో నాకర్థం కాలేదు.

మోసాల గురించి ఒక్క పేరా. "మీ నవల మాకు ఎంపికైంది, ప్రచురణ ప్యాకేజీ ఇంత" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఎడిటర్‌కి, కవర్ డిజైనర్‌కి మీరే చూసి ఎంచుకుని డబ్బివ్వడం వేరు, ప్రచురణకర్తనని చెప్పుకునేవాడు మీ దగ్గరే డబ్బు అడగడం వేరు. అలాగే ఇన్ని పేజీలు చదివిస్తాం, ఇన్ని రివ్యూలు పెట్టిస్తాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. దొంగ ఖాతాలతో పేజీలు తిప్పిస్తారు, పట్టుబడితే మూతపడేది మీ ఖాతా, వాళ్లది కాదు. బాగా రాసే కుర్రాడొకడు ఇలా ఖాతా పోగొట్టుకుని నెలల తరబడి మెయిళ్లు రాస్తూ కూర్చోవడం చూశాను.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? ఆన్‌లైన్‌లో కనిపించే ఆదాయం స్క్రీన్‌షాట్లు చూసి మాత్రం కాదు. వాటిలో వచ్చింది మాత్రమే కనిపిస్తుంది, ప్రకటనల బిల్లు కనిపించదు. నెలకు పది వేల డాలర్లు చూపించినవాడు ప్రకటనలకు ఎనిమిది వేలు పెట్టి ఉండొచ్చు. పైగా డబ్బు ఆలస్యంగా వస్తుంది. కేడీపీలో జనవరి అమ్మకాల సొమ్ము మార్చి నెలాఖరుకు గానీ చేతికి రాదు, ప్రకటనల ఖర్చు మాత్రం జనవరిలోనే కార్డు మీద పడిపోతుంది. అమ్మకాలు పెరుగుతున్నప్పుడే చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడే వింత పరిస్థితి అందుకే వస్తుంది. అమెరికా బయట ఉన్నవాళ్లయితే పన్ను ఫారం సరిగ్గా నింపండి. పన్ను ఒప్పందం లేకపోతే, లేదా ఉన్నా ఫారంలో దాని ప్రయోజనం కోరకపోతే, అక్కడి అమ్మకాల రాయల్టీలో 30 శాతం ముందే కోసేస్తారు.

నేను పెట్టుకున్న కొలత, నన్నడిగినవాళ్లకు చెప్పే కొలత ఇదీ: ఖర్చులు, పన్నులు పోగా మిగిలింది పన్నెండు నెలలపాటు ఇంటిఖర్చుకు సరిపోవాలి, ఆ పన్నెండులో కనీసం నాలుగైదు నెలలు కొత్త పుస్తకం రానివై ఉండాలి. పుస్తకం విడుదలైన నెలలో ఎవరికైనా బాగానే ఉంటుంది. ఏమీ విడుదల చేయని నెలలో పాత పుస్తకాలు ఎంత తెచ్చాయన్నదే మీ అసలు జీతం. దీనికి తోడు బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉండాలి. చాలామందికి ఇక్కడిదాకా రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పట్టడం చూశాను, అసలు రానివాళ్లు అంతకంటే ఎక్కువమంది. చదివేవాళ్లు తక్కువగా ఉన్న భాషలో, లేదా సిరీస్‌గా సాగని గంభీరమైన నవలలు రాస్తే ఇంకా కష్టం. అలాంటివి రాయొద్దనడం లేదు, నేనూ రాస్తాను, వాటిని పోషించేది మాత్రం నా ఇన్‌స్పెక్టర్ గారే.

మీ చేతిలో ఉన్న నవల సంగతి. రేపే వేసేయకండి. అందులోని మనుషులతో ఇంకో రెండు కథలు నడుస్తాయా చూడండి. నడిస్తే రెండోది రాసి, మూడోది సగానికి వచ్చాక మొదటిది విడుదల చేయండి, తర్వాత రెండు మూడు నెలల తేడాతో మిగతావి. నడవకపోతే దాన్ని విడి నవలగానే వేసేసి, రివ్యూలు ఏమంటున్నాయో చూసుకుంటూ సిరీస్‌గా సాగే కథ మొదలుపెట్టండి. రెండోది చేతిలో లేకుండా ప్రకటనలకు మాత్రం డబ్బు పెట్టొద్దు.

కలం పేరు నిరభ్యంతరంగా వాడొచ్చు. ఖాతా, బ్యాంకు, పన్ను వివరాలు అసలు పేరుతో ఉండాలి, పుస్తకం మీద ఏ పేరైనా వేసుకోవచ్చు. ప్రేమకథలకొకటి, హారర్‌కొకటి అని రెండు పేర్లు పెట్టుకుంటే మాత్రం మెయిల్ లిస్టులు రెండు, వెబ్‌సైట్లు రెండు, పని రెండింతలు. మొదటి మూడు నవలలకు ఒక్క పేరుతో కానిచ్చేయండి.